తోక లేని సంతకం

నీళ్ళ ఆఫీసు రెండో అంతస్తులో సంతకాల విభాగం ఉంది. విభాగం అంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, బల్లకు మరలతో బిగించిన దీపం, దాని పక్కనే భూతద్దం, గోడ పొడవునా కార్డుల సొరుగులు. కొళాయి పేరు మార్చాలన్నా, పైపు మళ్ళించాలన్నా దరఖాస్తు ఈ బల్ల మీదికి రావాలి. దాని మీది సంతకం సొరుగులోని కార్డు మీది సంతకంతో కలవాలి. కలిస్తే ఆకుపచ్చ ముద్ర, కలవకపోతే ఎర్ర ముద్ర.

పందొమ్మిదేళ్ళుగా ఆ ముద్రలు వేసింది ఒక్కడే. అతని పేరు జీతాల పట్టీలో ఉంటుంది. బయట అందరికీ తోకాయన. చివరి అక్షరానికి తోక పొట్టిగా ఉందని సొంత తోడల్లుడి దరఖాస్తునే రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి తోడల్లుడు వచ్చి, "అన్నయ్యా, ఈసారి తోక చాలా? చాలదంటే గుమ్మం దాకా గీస్తాను" అన్నాడు.

"తోక సరిపోయింది. తల తప్పింది" అన్నాడు తోకాయన.

ఐదు నెలల కిందట అతనికి పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది. కాలు తిరిగి వచ్చింది. కుడి చెయ్యి రాలేదు. వేళ్ళు ముడుచుకుంటాయి, విప్పమంటే విప్పవు. పనికి వెళ్ళవచ్చని డాక్టరు రాసిచ్చాడు. సోమవారం పది గంటలకు తోకాయన ఆఫీసుకు వచ్చి హాజరు పట్టీలో ఎడమ చేత్తో సంతకం పెట్టాడు. దానికి ఒక నిమిషం పట్టింది. మేనేజరు నిలబడి చూసి, అందరికీ చేసినట్టే, పక్కన తన పొట్టి సంతకం పెట్టాడు. తర్వాత ఒక కాగితం అందించాడు. దాని పేరు సర్దుబాట్ల దరఖాస్తు.

"మీకేం కావాలో ఇందులో రాయండి. కొత్త రూలు. ఆఫీసే మీకు సర్దుబాటు చేయాలట. ఇన్నాళ్ళూ మనమే ఆఫీసుకు సర్దుకుపోయాం కదా, నాకూ వింతగానే ఉంది."

"దీపం, భూతద్దం ఎడమ వైపుకి మార్చండి. కార్డు కదలకుండా ఒక క్లిప్పు. అంతేనండీ."

"అంతే రాయండి. శుక్రవారం ఐదింటికల్లా ఇది పాసవ్వాలి."

"అవ్వకపోతే?"

"కింద రికార్డు గది."

రికార్డు గది నేలమాళిగలో ఉంది. అక్కడ కిటికీ లేదు, సంతకాలు లేవు. మూడేళ్ళ కిందట అక్కడికి బదిలీ అయిన గుమాస్తా ఇప్పుడు బీరువాలను నువ్వు అనీ, ఫైళ్ళను మీరు అనీ పిలుస్తున్నాడని చెప్పుకుంటారు. తోకాయన ఇంకేమీ అడగకుండా కాగితం నింపాడు.

ఉద్యోగుల దరఖాస్తులు కూడా సంతకాల విభాగం నుంచే వెళ్ళాలి. అతను లేని ఐదు నెలలూ ఆ బల్ల చూసుకున్నది మీటర్ల విభాగం నుంచి వచ్చిన ఆవిడ. అందరూ మీటరమ్మ అంటారు. అతను జబ్బు పడకముందే పక్క కుర్చీలో కూర్చోబెట్టి ఆమెకు పని నేర్పింది తోకాయనే. ఆమె సొరుగులోంచి అతని కార్డు తీసింది. దీపం వేసింది. చాలాసేపు చూసింది.

"మాస్టారూ, కలవడం లేదండీ."

"ఎక్కడ?"

"తల లేదు. నడుము వంగింది. తోక అసలే లేదు. చీమ సిరాలో పడి, లేచి ఇంటికి వెళ్ళినట్టుంది."

తోకాయన వంగి భూతద్దంలో చూశాడు.

"నిజమే. కలవలేదు."

"ఏం చేయమంటారు?"

"నన్నడుగుతావేంటమ్మా? ఎర్రది వెయ్యి."

ఆమె వేసింది. ముద్ర గడిలోనే పడింది, అంచు దాటలేదు. బాగా నేర్పాను అనుకున్నాడు తోకాయన. ఆ తర్వాత రికార్డు గది గుర్తుకొచ్చింది.

మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. "కార్డు మార్చుకుంటే పోలా?" అన్నాడు మేనేజరు.

"కార్డు మార్చాలంటే పాత సంతకంతో దరఖాస్తు పెట్టాలండీ. నాలుగో లైను."

"అంటే కుడి చెయ్యి పనిచేయడం లేదని కుడి చేత్తో రాసివ్వాలా? ఏ బుద్ధిమంతుడు రాశాడండీ ఈ రూలు?"

"నేనే."

మేనేజరు రూళ్ళ పుస్తకం తెరిచాడు. పేజీ అడుగున తోకతో సహా సంతకం ఉంది.

"పోనీ వేలిముద్ర?"

"చదువుకున్నవాళ్ళకు కుదరదు. ఆరో లైను. అదీ నేనే."

మంగళవారం మేనేజరు వడ్రంగిని పంపాడు. దరఖాస్తు పాసవ్వకుండా బల్లకు కొత్త రంధ్రాలు వేయకూడదు, ఉన్నదాన్ని జరుపుకోవచ్చు. వడ్రంగి బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, దాన్ని ఆ కొస ఈ కొసకు వచ్చేలా తిప్పేశాడు. దీపం ఎడమకు వచ్చింది. బల్ల సొరుగులు మాత్రం అవతలి వైపుకు పోయాయి. వడ్రంగి ఆలోచించి కుర్చీని కూడా అవతలికి మార్చాడు. తోకాయన కూర్చున్నాడు. దీపం మళ్ళీ కుడి పక్కనే ఉంది.

"ఎలా ఉంది సార్?"

"ఎడమ చెయ్యి తీసి పుర్ర చెయ్యి పెట్టినట్టుంది."

"మీరడిగింది ఎడమ చెయ్యే కదండీ. అయినా పుర్ర చేతిని ఏమీ అనకండి, నాదీ అదే వాటం" అని వడ్రంగి సుత్తి ఎడమ చేత్తో అందుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం ఆఫీసు నుంచి రాగానే తోకాయన సంగతంతా భార్యకు చెప్పాడు. ఆమె ఆరిన బట్టలు మడత పెడుతోంది.

"ఏమండీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి."

సంతకం పెట్టకుండా తెచ్చుకున్న రెండో దరఖాస్తు ఇచ్చాడు. ఆమె బట్టల మీదే పెట్టి సంతకం చేసి తిరిగి ఇచ్చింది. తల ఉంది. నడుము ఉంది. తోక ఉంది.

"ఇదెక్కడ నేర్చుకున్నావే?"

"పిల్లదాని ప్రోగ్రెస్ కార్డుల మీద పదేళ్ళు ఎవరు పెట్టారనుకున్నారు? మీరు ఆఫీసులో ఊళ్ళోవాళ్ళ తోకలు కొలుస్తుంటే, ఇంట్లో మీ తోక నేనే గీశాను."

గురువారం మీటరమ్మ ఆ కాగితాన్ని దీపం కింద పెట్టింది. ఆమె ముఖం విచ్చుకుంది. ఆకుపచ్చ ముద్ర ఎత్తింది.

"ఆగు" అన్నాడు తోకాయన.

"కలిసింది మాస్టారూ! తోకతో సహా!"

"అందుకే ఆగమన్నాను. నా తోక చివర చిన్న వణుకుంటుంది, మొదటి నుంచీ. ఇందులో లేదు. ఇది నాకంటే బాగా వచ్చింది."

"మరి ఎవరిది?"

"మా ఆవిడది."

మీటరమ్మ ముద్ర దించింది. "నాకు తెలియలేదనుకుందాం మాస్టారూ. ఎవరికీ తెలియదు."

"నాకు తెలిసింది కదా."

అతను ఎర్ర ముద్ర ఎడమ చేత్తో తీసుకుని తనే వేశాడు. ఐదు నెలల్లో అతను వేసిన మొదటి ముద్ర అది. తలకిందులుగా పడింది.

మధ్యాహ్నం భార్య ఫోను చేసింది. "పాసయ్యిందా?"

"లేదు."

"ఎవరాపారు? ఆ మీటరమ్మేనా?"

"కాదు. నేనే."

"సరే. ఇంటికొచ్చాక మన బీరువాతో కాస్త మాట్లాడండి. అలవాటవుతుంది" అని పెట్టేసింది.

శుక్రవారం నాలుగు గంటలకు తోకాయన కళ్ళజోడు పెట్టె, మంచినీళ్ళ సీసా, చేతిరుమాలు సంచిలో వేసుకున్నాడు. మేనేజరు బదిలీ కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావడానికి మొహమాటపడుతున్నాడు.

మీటరమ్మ కుర్చీ వెనక్కి నెట్టింది. "మాస్టారూ, నేను చేరిన రోజు మీరేం చెప్పారో గుర్తుందా?"

"ఎర్ర సిరాకు మూత పెట్టమన్నాను."

"అదీ చెప్పారు. ఇంకోటి?"

తోకాయనకు గుర్తు రాలేదు.

"సంతకం అంటే అందం కాదమ్మా, అలవాటు అన్నారు. ఇంకొక దరఖాస్తు మీ ఎడమ చేత్తోనే నింపండి. ఇప్పుడే వస్తా."

ఆమె కిందికి వెళ్ళి హాజరు పట్టీ తెచ్చి బల్ల మీద పరిచింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు సంతకాలు. పక్కన ఐదుసార్లు మేనేజరు పొట్టి సంతకం. తర్వాత రూళ్ళ పుస్తకం తీసి తొమ్మిదో లైను చదివింది. "కార్డు చినిగినా, చెదలు పట్టినా, మరే విధంగా పనికి రాకుండా పోయినా, అధికారి ఎదుట పెట్టిన మూడు సంతకాలతో పోల్చవచ్చు. ఇదీ మీరే రాశారు."

"చెదల కోసం రాశాను. నా కార్డుకు చెదలు పట్టలేదు."

"కార్డు మీద ఉన్న చెయ్యి ఇక రాదు మాస్టారూ. ఇంక ఆ కార్డు ఎందుకు పనికొస్తుంది?"

తోకాయన కాసేపు తన కుడి చేతి వంక చూశాడు. తర్వాత సంచిలోంచి కళ్ళజోడు పెట్టె తీశాడు.

పట్టీని ఒక్కో గడీ చూశాడు. మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. నాలుగు ముప్పావు అయింది.

"మంగళవారంది కలవలేదు" అన్నాడు తోకాయన.

"ఆ రోజు వెనక నుంచి వడ్రంగి పలకరించాడండీ, నేను చూశాను!" అన్నాడు మేనేజరు. అతను గదిలోకి ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు.

"మిగతా నాలుగూ?" అంది మీటరమ్మ.

"తల మీద ఒకటే తడబాటు. మూడో అక్షరం దగ్గర ఒకటే జారుడు. చివర కలం ఆనిన చోట ఒకటే చుక్క." అతను కొత్త దరఖాస్తును భూతద్దం కిందికి జరిపాడు. "ఇందులోనూ అవే ఉన్నాయి. వంకరే. కానీ ఒకే మనిషి వంకర."

"అయితే?"

"నన్నడుగుతావేంటమ్మా?"

మీటరమ్మ ఆకుపచ్చ ముద్ర వేసింది. ఐదుకు ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. మేనేజరు బదిలీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచాడు. అది సోమవారం వడ్రంగికి పనికొచ్చింది. దీపానికి రంధ్రాలు ఎక్కడ వేయాలో దాని వెనకే గీసుకున్నాడు. ఈసారి దీపం ఎడమకు వచ్చి అక్కడే ఉంది. క్లిప్పు ఇంకా రాలేదు. అప్పటిదాకా తోకాయన భార్య దండెం మీది క్లిప్పు ఒకటి ఇచ్చింది.

దరఖాస్తు పాసయిన సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి ఆమె బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు ఒక నోటు పుస్తకం, ఎడమ చేతిలో కలం. ఒక పేజీ నిండా గీసింది.

"కొత్త సంతకం నేర్చుకోవద్దూ? ఎప్పుడేం అవసరం పడుతుందో" అని పుస్తకం అతని వైపు తిప్పింది. "ఎలా ఉంది?"

తోకాయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"వంకర చాలలేదు. తిప్పి పంపుతున్నాను."