పెరట్లో కెమెరా

“ఇంట్లో ఊరికే కూర్చునేదానివేగా, ఆ మోడెం పని నువ్వే కానియ్,” అని గుంటూరు మిర్చి యార్డు నుంచి ఫోన్ చేశాడు భర్త త్రినాథ్. ఊరికే కూర్చున్న అఖిల అప్పటికే పెరట్లో మిరపకాయల తొడిమలు తీసే పాతిక మంది ఆడకూలీలకు టీ కాచి పోసింది, రంగు పోయిన తాలుకాయలు వేరు చేయించింది, లారీకి బస్తాలెత్తించి పంపింది. పదకొండేళ్లుగా వ్యాపారంలో సగం ఆమె చేతుల మీదే నడుస్తోంది. కొట్టు బోర్డు మీద మాత్రం అతని పేరూ, మామగారి పేరూ.

ఆ ముందురోజే పెరటి గోడకు కెమెరా బిగించారు. దాన్ని యార్డులో కూర్చుని చూస్తాడట. “ఆడకూలీలు కబుర్లు మానేస్తారు. నువ్విక గొంతు చించుకోనక్కర్లేదు,” అన్నాడు, మేలు చేస్తున్నట్టు.

మెకానిక్ ఇమ్మానియేలు సెల్‌ఫోన్లో చెబుతుంటే ఆమె కంప్యూటర్లో మోడెం పేజీ తెరిచింది.

“ఫైర్‌వాల్ అని ఉంది చూడక్కా, బయటోళ్లని గుమ్మంలోనే ఆపేది అదే. పక్కన నాట్ అనే దాంట్లో కెమెరా నంబరేసి ఒక పోర్టు తెరువు, అంటే బయటికి చిన్న కిటికీ లాంటిది. అన్న అక్కణ్ణుంచే చూసుకుంటాడు.”

“ఆయనొక్కడేనా?”

“పాస్‌వర్డు వద్దన్నాడక్కా, రోజూ కొట్టాలంటే చిరాకంట. అడ్రసు తెలిస్తే ఎవరైనా చూడొచ్చు. యార్డులో గుమాస్తాలు ఎటూ చూస్తారు.”

నంబర్లు వేసి, సేవ్ నొక్కేముందు ఆమె కెమెరాలో ఏం కనిపిస్తోందో తెరిచి చూసింది. తొడిమలు తీసీ తీసీ ఒళ్లు మండిపోతుంటే ఇద్దరు పంపు దగ్గర పైట తీసి మెడలు కడుక్కుంటున్నారు. కూలికొచ్చిన ఖుర్షిదా ఎవరి కంటా పడకూడదని గోడవైపు తిరిగి చంటిదానికి పాలిస్తోంది. కెమెరా ఉన్నది ఆ గోడకే.

అఖిల చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. అత్తగారి కళ్లు, మామగారి కళ్లు, కాటా దగ్గర దళారుల కళ్లు. వాటన్నిటి మధ్యా ఆ పెరడొక్కటే ఆడవాళ్లు ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని చోటు. దాన్నిప్పుడు తన చేత్తోనే అమ్మెయ్యమంటున్నాడు, ధరైనా అడక్కుండా.

“సేవ్ నొక్కావా అక్కా?”

ఆమె వేసిన నంబర్లన్నీ తుడిచేసింది. “ఇంకెవరూ ఇందులో వేలు పెట్టకుండా మోడెం పాస్‌వర్డు మార్చేదెక్కడ?”

ఆ చోటు చెప్పి, ఆమె మార్చాక ఇమ్మానియేలు అడిగాడు. “అన్న అడిగితే?”

“నేనే మార్చానని చెప్పు.”

పావుగంటకి త్రినాథ్ ఫోన్. “ఏంటే, ఏం కనపడి చావట్లేదు! పోర్టు తెరిచావా లేదా?”

“తెరవలేదు. తెరవను.”

“ఎవర్నడిగి?”

ఆమె గొంతు కాటా దగ్గర దళారులతో బేరమాడేటప్పటిలాగే ఉంది.

“ముందు మీ కుర్చీకెదురుగా ఒకటి బిగించండి. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా మీరేం చేస్తారో పది రోజులు నేనూ, ఈ పాతికమందీ ఇక్కడ కూర్చుని చూస్తాం. ఆ తర్వాత ఈ పెరటి బేరం మాట్లాడుకుందాం.”