రానూ పోనూ ఇరవై మీటర్లు

కరెంటాయనకి తన పని మీద ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో సగం ఇళ్ళకి వైరింగు చేసింది ఆయనే. గోడ మీద చెయ్యి పెట్టి లోపల వైరు ఎటు పోతోందో చెప్తానంటాడు, చాలాసార్లు చెప్పాడు కూడా. చెప్పలేకపోయినప్పుడు గోడదే తప్పంటాడు. అలాంటి మనిషికి ఇంకొకడు లెక్క చెప్పబోతే ఒళ్ళు మండిపోతుంది. మిగతా విషయాల్లో మాత్రం వెన్నలాంటి మనిషి.

ఆయన చెల్లెలి మొగుడు వడ్రంగి. తలుపులూ కిటికీలూ చేసుకుంటూ హాయిగా బతుకుతున్నవాడికి ఏ వేళ బుర్రలో పురుగు తొలిచిందో గానీ, సొంతంగా తెరచాప పడవ కడతానని కూర్చున్నాడు. ఏడేళ్ళు కట్టాడు. తీరా కట్టాక చూస్తే పడవ వెడల్పు షెడ్డు తలుపు కంటే జానెడు ఎక్కువని తేలింది. గోడ పగలగొట్టి బయటికి లాగాల్సి వచ్చింది. "తలుపులు చేసి బతికేవాడివి, తలుపు కొలత ఎలా మర్చిపోయావు బావా?" అని కరెంటాయన ఏడాది పొడుగునా ఏడిపించాడు. ఆ బావలిద్దరికీ రోజుకోసారి ఒకరినొకరు ఆటపట్టించుకోకపోతే తిన్నది అరిగేది కాదు.

పడవకి వైరింగు చేసేది తనేనని కరెంటాయన ఎప్పుడో చెప్పేశాడు. బయటివాణ్ణి పిలిస్తే కాళ్ళు విరగ్గొడతానని కూడా చెప్పాడు. పడవ ముందు భాగం బరువు చాలక పైకి తేలిపోతోందని వడ్రంగి బ్యాటరీని తీసుకెళ్ళి అక్కడ పెట్టాడు. రేడియో, లోపల చేరిన నీళ్ళని తోడే పంపు, లైట్లు, వీటన్నిటి స్విచ్చిబోర్డు వెనకవైపు మెట్ల పక్కన ఉంది. ఆ చివరి నుంచి ఈ చివరికి అన్నిటికీ కలిపి ఒకే వైరు జత లాగాలి. ఎంత లావు వైరు వెయ్యాలన్నదే ప్రశ్న.

ఇళ్ళలో ఇది పెద్ద ప్రశ్న కాదు. అక్కడ కరెంటుని తోసే బలం ఎక్కువ, పది మీటర్లు పోయినా ఇరవై మీటర్లు పోయినా దానికి లెక్కలేదు. పడవలో ఉండేది పన్నెండు వోల్టులే. ట్యాంకు కిందుగా ఉండి గొట్టం సన్నగా, పొడుగ్గా ఉంటే కుళాయిలో నీళ్ళు ఎలా చుక్కలు చుక్కలుగా పడతాయో, ఇక్కడా అంతే. అందుకే పడవ సామాన్ల కొట్టువాడు ఒక చార్టు ఇచ్చాడు. పైన ఎన్ని ఆంపియర్లో, పక్కన ఎంత పొడవో చూసుకుంటే, రెండూ కలిసే గడిలో వైరు సైజు ఉంటుంది. పంపూ రేడియో కలిపి పది ఆంపియర్లు.

కరెంటాయన సంచిలోంచి తన తాడు తీశాడు. మీటరుకో ముడి వేసిన తాడు అది. టేపులు వచ్చి ఎన్నేళ్ళయినా ఆయన దాన్ని వదల్లేదు. బ్యాటరీ దగ్గర్నుంచి బోర్డు దాకా పరిచి లెక్కపెట్టాడు. పది ముళ్ళు. చార్టులో పది ఉన్న వరసలో వేలు పెట్టి, "ఒకటిన్నర" అన్నాడు. ఒకటిన్నర సైజు చుట్ట ఇంట్లో ఉండనే ఉంది.

వడ్రంగి చార్టు మీదకి వంగాడు. కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు.

"బావా, కింద చిన్నక్షరాల్లో ఏదో రాశాడు చూడు. పొడవంటే రానూ పోనూ కలిపట. అంటే పది కాదు, ఇరవై చూడాలేమో. ఇరవైకైతే ఇంకా లావుది, నాలుగు వెయ్యమంటున్నాడు."

"వైరు వేసేది నువ్వా, నేనా?"

"నువ్వే అనుకో. కానీ వెళ్ళిన కరెంటు మళ్ళీ వెనక్కి రావాలి కదా..."

"షెడ్డు తలుపు కొలిచిన చేత్తోనే నాకు కొలతలు చెప్తున్నావా?"

వడ్రంగి పగలబడి నవ్వాడు. చార్టు మడిచి బావ జేబులో పెట్టి, తన చిత్రిక పట్టుకుని పైకి వెళ్ళిపోయాడు. కరెంటాయన ఒకటిన్నర వైరు లాగాడు. ఎంత అందంగా లాగాడంటే, జానెడుకో క్లిప్పు, ఎక్కడా ఒక్క వంకర లేదు. రేవులో పడవ కట్టి ఉండగా, ఒడ్డు మీద నుంచి ఛార్జరు పెట్టి ఉండగా, రేడియో పరీక్షించారు. రేవు ఆఫీసువాళ్ళు ఖంగుమని పలికారు. కరెంటాయన బావ వైపు చూసి మీసం మెలేశాడు.

ఎనిమిది రోజుల ప్రయాణం. తీరం వెంట వెళ్ళి తిరిగి రావడం. వడ్రంగి ఒక్కడే వెళ్తానన్నాడు. రోజూ పొద్దున్న పదింటికి రేవు ఆఫీసుకి రేడియోలో మాట్లాడాలని చెల్లెలు షరతు పెట్టింది, అలా అయితేనే గుమ్మం దాటనిస్తానంది. బయల్దేరిన రోజు పదింటికి ఇంకా తెరచాప ఎత్తలేదు, పడవ ఇంజనుతోనే నడుస్తోంది. ఇంజను నడుస్తున్నంతసేపూ బ్యాటరీకి బలం అందుతూ ఉంటుంది కాబట్టి రేడియో బాగానే పలికింది. "మీ అన్నయ్య నా పడవలో వైర్లు ఎంత ముద్దుగా కట్టాడో, కప్పెయ్యడానికి మనసొప్పక చెక్క మూత కూడా బిగించలేదు" అన్నాడు వడ్రంగి, ఆఫీసుకి వచ్చిన పెళ్ళాంతో. ఆఫీసులో అందరూ నవ్వారు.

రెండో రోజు పది కాకముందే అన్నాచెల్లెళ్ళు ఆఫీసుకి వెళ్ళారు. బయట గాలి ఎక్కువగా ఉంది, కిటికీ అద్దాలు గడగడ కొట్టుకుంటున్నాయి. రేడియో ముందు కూర్చున్న ఆఫీసరు మొహం చిట్లించుకుని ఉన్నాడు.

"పొద్దున ఆరింటి నుంచీ ఎవరో ఇలా చేస్తున్నారండీ. మాట లేదు, ఏం లేదు. వినండి."

స్పీకరులో టిక్కుమంది. అంతే. కాసేపాగి మళ్ళీ టిక్కుమంది.

"పిల్లకాయలు ఆడుకుంటున్నారేమో అనుకున్నా" అన్నాడు ఆఫీసరు. "లేదా ఎవరి బ్యాటరీ అయినా చాలడం లేదేమో. బటన్ నొక్కగానే రేడియో చచ్చి, వదలగానే లేస్తుంది. వినడానికి పెద్ద కరెంటు అక్కర్లేదు, మాట్లాడ్డానికే కావాలి."

అది ఎవరో కరెంటాయనకి అప్పుడే తెలిసిపోయింది. బ్యాటరీ కొత్తది, కొన్నది తనే. బ్యాటరీలో ఉన్నది బోర్డు దాకా చేరడం లేదు. రానూ పోనూ ఇరవై మీటర్ల సన్నటి వైరు దారిలోనే దాన్ని తినేస్తోంది. పది ముళ్ళ తాడు కళ్ళ ముందు కదిలింది. ఆరింటి నుంచి పదింటి దాకా నాలుగు గంటలు తన బావ ఆ బటన్ నొక్కుతూనే ఉన్నాడు.

ఆఫీసరు చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "బావా, నేనే. నా మాట వినపడితే ఒకసారి నొక్కు."

టిక్.

చెల్లెలు కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ప్రమాదంలో ఉన్నావా?"

టిక్.

"నీళ్ళొస్తున్నాయా? పంపు ఆడుతోందా?"

టిక్. టిక్. రెండిటికీ అవుననే.

పంపూ రేడియో ఒకే వైరు మీద ఉన్నాయి. పంపు ఆపితే రేడియో పలకొచ్చు. పంపు ఆపితే పడవ నిండుతుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు, అటువైపు వింటున్నవాడికీ తెలుసు, అందుకే అతను పొద్దున్నుంచీ పంపు ఆపలేదు. "బావా, పంపు ఆపు" అన్నాడు చివరికి. "లైట్లన్నీ ఆపు. రేడియో పవరు తక్కువలో పెట్టి, ఎక్కడున్నావో చెప్పు. చెప్పగానే మళ్ళీ పంపు వెయ్యి."

తర్వాత గరగరమంటూ వడ్రంగి గొంతు వచ్చింది. ముందుగా తను ఎక్కడున్నదీ అంకెలతో సహా చెప్పాడు, ఆఫీసరు రాసుకున్నాడు. దుంగ ఏదో తగిలి అడుగున చెక్క విడిందనీ, నీళ్ళు మోకాలి దాకా వచ్చాయనీ, ఇంజను మునిగిందనీ చెప్పాడు. పంపు కూడా పొద్దున్నుంచీ నీరసంగానే తోడుతోందన్నాడు. ఆఫీసరు అప్పటికే ఫోనులో రెస్క్యూ బోటుని పిలుస్తున్నాడు. "చేరేసరికి ఐదు గంటలు పడుతుంది" అని ఎవరి వైపూ చూడకుండా గోడకేసి చెప్పాడు.

"ఇక పంపు వేసుకో బావా" అని అరిచాడు కరెంటాయన.

"వేస్తా. మీ చెల్లెలు పక్కనుందా?"

చెల్లెలు ముందుకొచ్చి, "ఉన్నాను" అంది మైకులోకి.

"ఇదిగో చూడు. మీ అన్నయ్య వైరు బాగానే ఉంది. నేనే బ్యాటరీ మీదకి నీళ్ళు రానిచ్చాను. మీ అన్నయ్యని ఏమీ అనకు. వింటున్నావా? ఏమీ అనకు."

"అనను. నువ్వు పంపు వెయ్యి."

ఆ తర్వాత టిక్కులే వచ్చాయి. పదకొండున్నర దాకా వచ్చాయి. చెల్లెలు ప్రతి టిక్కుకీ "ఉన్నాం, ఇక్కడే ఉన్నాం" అంటూ జవాబిచ్చింది. అవి ఆగిపోయాక కూడా చాలాసేపు అలాగే అంటూ కూర్చుంది. మధ్యాహ్నం మూడింటికి రెస్క్యూ బోటు అక్కడికి చేరింది. ఒక చెక్క మూత, నీళ్ళ డబ్బా, వడ్రంగి టోపీ దొరికాయి. మూడు రోజులు వెతికారు. ఇంకేమీ దొరకలేదు.

నాలుగు గంటల ముందు ఆ గొంతు వచ్చి ఉంటే మనిషి బతికేవాడు. ఈ లెక్కకి చార్టు అక్కర్లేదు. ఆరింటికి బయల్దేరిన బోటు పదకొండింటికి చేరేది, టిక్కులు ఆగింది పదకొండున్నరకి. కరెంటాయన నిద్రలేస్తూనే ఈ కూడిక వేసేవాడు, అన్నం ముందు కూర్చునీ వేసేవాడు. పనికి వెళ్ళడం మానేశాడు. ఇంట్లో బల్బు పోతే మార్చకుండా చీకట్లోనే కూర్చున్నాడు.

రోజూ సాయంత్రం చెల్లెలి ఇంటికి మాత్రం వెళ్ళేవాడు. ఆమె టీ ఇచ్చేది. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగేది. పక్కింటావిడ వస్తే, "మా అన్నయ్య వైరు బాగానే ఉందని చివర్లో కూడా చెప్పాడండీ ఆయన" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా కరెంటాయనకి అక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించేది. ఇంత అమాయకురాల్ని మోసం చేస్తున్నానని కుమిలిపోయేవాడు. నిజం చెప్పేస్తే ఆమె తిడుతుంది, కొడుతుంది, ఆ తర్వాత ఎప్పటికైనా క్షమిస్తుంది, అప్పుడు తను మళ్ళీ ఊపిరి పీల్చుకోవచ్చు అనుకున్నాడు. చూశారా, అప్పుడు కూడా ఆయన తన ఊపిరి గురించే ఆలోచించాడు.

మూడో నెలలో ఒక సాయంత్రం చార్టు జేబులోంచి తీసి టేబులు మీద పరిచాడు. పక్కన ముళ్ళ తాడు పెట్టాడు.

"బ్యాటరీ తడవలేదు చెల్లీ. నేనే సన్న వైరు వేశాను. ఇరవై చూడాల్సింది, పది చూశాను. బావ చెప్పాడు కూడా. నేనే వినలేదు. ఎగతాళి చేశాను."

చెల్లెలు చార్టు వైపు చూడనేలేదు.

"తెలుసు" అంది.

కరెంటాయన చార్టు మీద నుంచి తలెత్తాడు.

"ఆయన బయల్దేరే ముందు రోజే చెప్పాడు నాకు. వైరు సైజు తప్పు పడిందేమోనే, ఇంకోసారి అడిగితే మీ అన్నయ్య చిన్నబుచ్చుకుంటాడు, వచ్చాక నేనే మెల్లగా మార్చుకుంటాలే అన్నాడు. రేడియోలో ఆయన ఆ మాట అంటుంటే అబద్ధమని అప్పుడే తెలుసు నాకు."

"మరి ఇన్నాళ్ళూ..."

"ఏమీ అనొద్దన్నాడు కదా. అననని మాటిచ్చాను." ఆమె టీ గ్లాసు మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. "నువ్వు రోజూ వస్తున్నావు. టీ తాగుతున్నావు. నేను దాన్ని లోపల తొక్కిపెట్టుకుని మోకాలి నొప్పి గురించి అడుగుతున్నాను. ఎంత కష్టమైనా అడుగుతున్నాను. ఎందుకంటే ఆయన పోయాక నాకు మిగిలింది నువ్వొక్కడివే. నువ్వు చెప్పకుండా ఉన్నన్నాళ్ళూ నాకు తెలియనట్టే ఉండొచ్చు అన్నయ్యా. ఇప్పుడు ఎలా ఉండను?"

"తిట్టు చెల్లీ. కొట్టు."

"అననని చెప్పాను ఆయనకి."

ఆమె తాడు చేతిలోకి తీసుకుంది. ఒక్కో ముడీ లెక్కపెడుతున్నట్టు వేళ్ళతో తడిమింది. ఆఖరి ముడి దాకా వచ్చి, చుట్టచుట్టి ఆయన చేతిలో పెట్టింది. "రేపటి నుంచి రాకు" అంది. కోపంగా అనలేదు. అలిసిపోయిన మనిషి దీపం ఆర్పెయ్యమన్నట్టు అంది. కరెంటాయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూస్తే, ఆమె ఆయన తాగని టీ సింకులో పారబోసి గ్లాసు కడుగుతోంది.