పడమటి గోడ

మాదాపూర్ బడి కట్టించింది ఓవర్‌సీర్ సోమేశ్వరరావు. బందరు మనిషి. బందరులో పొద్దు వాలితే తూర్పు నుంచి సముద్రపు గాలి వస్తుంది. ఆ లెక్కనే ఆయన నాలుగు గదుల కిటికీలన్నీ తూర్పుకు పెట్టించి, పడమటి గోడను ఎండకు అడ్డమని నిండుగా లేపించాడు. మేస్త్రీ పెంటయ్య "అట్లనే సార్" అన్నాడు తప్ప మారుమాట అనలేదు. ఇక్కడికి సముద్రమెంత దూరమని ఓవర్‌సీరును అడిగేదెవరు?

డెబ్బై ఐదు జూన్‌లో బడి తెరిస్తే గదులు కుంపట్లు. పొద్దంతా ఫ్యాన్లు తిరగాల్సిందే. ఊరి కరెంటు అంతంతమాత్రం, ఫ్యాన్లు తిరిగితే మంచినీళ్ల మోటరు మొరాయించేది. నీళ్లే ముఖ్యమని సర్పంచ్ రామచంద్రం తేల్చేశాడు. వచ్చే సోమవారం ఫ్యాన్లు విప్పించేస్తానన్నాడు. అవి లేకుంటే పిల్లలు ఆ గదుల్లో కూర్చోలేరు. తను కట్టిన బడికి తాళం పడుతుందని సోమేశ్వరరావుకు రెండ్రోజులు అన్నం సహించలేదు.

శనివారం సత్తెమ్మ పంచాయతీ ఆఫీసులో ఉన్న ఆయన మీదికి తగాదాకొచ్చింది. బడి వెనక, పడమటి వైపు కల్లంలో ఆమె యాసంగి వడ్లు తూర్పారబడుతోంది.

"నీ గోడ గాలికి అడ్డం లేసింది సారూ. పొట్టంత దానికి తాకి మల్ల నా వడ్లలనే పడుతుంది. జర వచ్చి చూడు."

వెళ్లి చూశాడు. గోడ మొదట్లో మోకాటిలోతు పొట్టు. పడమటికి తిరిగి నిలబడితే చొక్కా ఉబ్బింది. బడి ముందుకొస్తే ఆకు కదలడం లేదు. ముందు సిగ్గేసింది, ఆపైన ఆపుకోలేనంత నవ్వొచ్చింది. ముందే ఎందుకు చెప్పలేదని పెంటయ్యను నిలదీశాడు.

"మీరు అడగలే సార్. సదువుకున్నోళ్లకు గాలి సంగతి నేనేం చెప్త?"

ఆదివారమంతా ఇద్దరూ దగ్గరుండి గోడకు కిటికీలు తెరిపించారు. సోమవారం గాలి ఇటునుంచి దూరి అటు పోతుంటే కాగితాలు ఎగిరాయి, వాటి వెనక పిల్లలు పరిగెత్తారు, పంతులు కూడా పరిగెత్తాడు. రామచంద్రం ఫ్యాన్లు ఆపించి గంటసేపు బెంచీ మీద కూర్చున్నాడు. చెమట పట్టలేదు. ఫ్యాన్లు ఉండనీ, అవసరమైతేనే వేయండన్నాడు. పొట్టు కిటికీల్లోంచి పిల్లల మీద పడకుండా సత్తెమ్మ ఇకపై బడి లేని పూటే తూర్పారబడతానంది.

ఆ సాయంత్రమే పంచాయతీలో తీర్మానం రాశారు: ఊళ్లో ఏ సర్కారీ కట్టడానికైనా ముగ్గు పోసేముందు గాలి ఎటు వీస్తుందో కల్లం చేసేవాళ్లను అడగాలి. ఆ మాట చెప్పి రాయించింది సోమేశ్వరరావే. సంతకానికి పుస్తకం తన ముందుకు రాగానే సత్తెమ్మ వైపు జరిపాడు.

"ముందు మీ వేలిముద్ర వేయండమ్మా. నా సంతకం దాని కింద పెడతాను."