గచ్చు కింది పలకలు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఐలయ్య మేస్త్రి. శంషాబాద్ చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా ఇళ్లు కట్టినవాడు, ఒకరు చెబితే వింటాడా? జల్‌పల్లిలో సఖావత్ ఇంటికి గచ్చు పోసిన రోజున ఆ మొండితనమే కొంప ముంచింది.

సఖావత్ పదేళ్లు చలిదేశాల్లో ఇళ్లకు నేల కింద వేడినీళ్ల పైపులు బిగించి వచ్చిన మనిషి. ఏడేళ్ల కూతురు రుబీనాకు పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోయాయి. ఇంట్లో ఎటు పోవాలన్నా పాకాల్సిందే. చలికాలంలో ఆ చల్లని బండల మీద పాకితే కాళ్లు కొయ్యబారి గుక్కపట్టి ఏడుస్తుంది. అందుకే ఉన్న ఒక్క గదికీ బండలు తీయించి, కొత్త గచ్చులో పైపు పరిచి, మిద్దె మీది సోలార్ డ్రమ్ములోని వేడినీళ్లు తిప్పాలనుకున్నాడు. ఆ పైపు చుట్టను విమానంలో వెంట తెచ్చుకున్నాడు. ఇక్కడ అలాంటిది ఏ దుకాణంలోనూ దొరకలేదు. నేల మీద థర్మాకోల్ పలకలు పరిచి, పైన ఇనుప జాలి వేసి, దానికి తన చేత్తోనే పైపు కట్టాడు.

గచ్చు పోయాల్సిన రోజు పొద్దున్నే పిల్ల ఒళ్లు జ్వరంతో పేలిపోయింది. భార్య సుఘ్రాతో కలిసి దవాఖానకు పోతూ, "నేనొచ్చినంకనే గచ్చు పోద్దామన్నా" అని ఐలయ్యకు చెప్పి మరీ పోయాడు.

కాంక్రీటు కలిపే మిల్లర్ వచ్చింది, కూలీలూ వచ్చారు. ఐలయ్య పలక మీద కాలు వేస్తే మడమ కాస్త దిగింది. మెత్తటి దాని మీద కాంక్రీటు ఎక్కడైనా నిలుస్తుందా, రేపు పగిలితే పోయేది నా పేరే అనుకున్నాడు. నలుగురితో పైపు కట్టిన జాలి ఎత్తించి, పలకలన్నీ లాగి బయట గోడకు ఆనించి, గట్టి నేల మీదే జాలి దించి గచ్చు పోసేశాడు. పని చూసుకుని మురిసిపోయాడు కూడా, వెర్రిబాగులవాడు.

మధ్యాహ్నం రెండింటికి పిల్ల బట్టల కోసం వచ్చిన సఖావత్ వాకిట్లోనే ఆగిపోయాడు.

"ఐలన్నా, గివి బయటెందుకున్నయి?"

"మెత్తగున్నయి భాయ్, నేనే తీసేసిన. ఇగ నీకు పరేషాన్ లేదు."

సఖావత్ ఒక పలకను చేతిలోకి తీసుకున్నాడు. "వేడంతా కిందికే పోతదన్నా. ఎంత పంపినా భూమే తాగుతది. నా బిడ్డ కాళ్లకు ఏం రాదు. ఎప్పుడు పోసినవ్?"

"పదింటికి మొదలువెట్టిన."

ఎండిన నేల ఎన్ని నీళ్లు తాగుతుందో ఐలయ్యకు ఒకరు చెప్పాలా? వేడి కూడా అంతేనని ఇప్పుడు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. గచ్చు గట్టిపడకముందే పైపు బయటికి తీయాలని మోకాళ్ల మీద పడి వట్టి చేతులతో తోడసాగాడు. పార వేస్తే పైపు తెగుతుంది మరి. సఖావత్, కూలీలూ పక్కనే కూర్చుని తోడారు. సిమెంటు తినేసి వేళ్లు చిట్లాయి. విమానాలు ఇంటి మీదుగా దిగుతూనే ఉన్నాయి, ఎవరూ తల ఎత్తలేదు. గుమ్మం వైపు సగం వచ్చింది. మొదట పోసిన లోపలి సగం రాయి అయిపోయింది.

"జర మెల్లగ కొట్టి చూస్త భాయ్" అని ఐలయ్య ఉలి అందుకున్నాడు. నాలుగో దెబ్బకు పైపు తెగి, పరీక్ష కోసం అందులో నింపి ఉంచిన నీళ్లు బుస్సుమని పైకి చిమ్మాయి.

"ఆపన్నా" అన్నాడు సఖావత్. తిట్టలేదు. తిడితే బాగుండునని ఐలయ్య ప్రాణం కొట్టుకుంది.

సాయంత్రం సుఘ్రా ఆటో దిగింది. పిల్ల చంకలో ఉంది.

"అయిపోయిందా అన్నా?"

"నేనే చెడగొట్టిన చెల్లే" అన్నాడు ఐలయ్య.

"అమ్మీ, దించు. కొత్త నేల చూస్త" అంది రుబీనా.

సుఘ్రా గడపలో నిలబడి గదంతా చూసింది. ఒక పక్క రాయి, ఒక పక్క బురద. పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది.