చలి మట్టిలోని ప్రాణం

సత్యలక్ష్మి నర్సీపట్నంలోని ఒక కాలేజీలో మైక్రోబయాలజీ లెక్చరర్. లంబసింగి కొండ పైన పారే ఒక గెడ్డ ఒడ్డున తవ్వి తెచ్చిన మట్టిలో ఆమెకు ఒక బాక్టీరియా దొరికింది. అది చలిలోనే బతుకుతుంది. అది వదిలే ఎంజైము చన్నీళ్లలోనే నూనె మరకను కరిగిస్తుంది. ఆ ఎంజైము కలిపిన ఐసునీళ్లలో వేసిన జిడ్డుగుడ్డ కళ్లముందే తేటపడుతుంటే, ఆ చోటు చూపించిన తోటి లెక్చరర్ గణేశ్వరరావు మొహం వెలిగిపోయింది.

"మా అమ్మ సలికాలమంతా బట్టలకి నీళ్లు కాయడానికే కట్టెలు మోత్తాదండి. ఇది సబ్బుపొడిలో కలిస్తే ఆ బాధే ఉండదు. ఓ సీసా విశాఖ లేబ్‌లో దాయిద్దాం మేడమ్. ఈ ఒక్క ఫ్రిజ్‌నే నమ్ముకుంటే ఎలాగండి?"

"ముందు పరిశోధన పేపరు అచ్చవనివ్వండి. ఇప్పుడే పంపితే మన పేరు మిగలదు," అంది సత్యలక్ష్మి. అతను బాక్టీరియా సీసాలన్నీ ఆ ఫ్రిజ్‌లోనే సర్దేశాడు.

మే నెల సెలవుల్లో ఆమె కోటవురట్లలో అత్తవారింట ఉండగా పెద్ద గాలివాన వచ్చింది. నర్సీపట్నంలో స్తంభాలు కూలాయని విన్నది. స్కూటీ మీద పోతే ఎంతో దూరం కాదు. ఈపాటికి కరెంటు వచ్చే ఉంటుందిలే అనుకుని ఆగిపోయింది. ఊళ్లోకి కరెంటు వచ్చింది గాని, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిన కాలేజీకి రాలేదు. సెలవులయ్యాక ఆమె వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసేసరికి వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. సీసాలు చూడ్డానికి ఎప్పటిలాగే ఉన్నాయి. వాటిలోది తీసి మళ్లీ చల్లగా పెంచి చూసింది. ఏదీ పెరగలేదు.

చలికాలం రాగానే ఇద్దరూ మళ్లీ కొండెక్కారు. గెడ్డ ఒడ్డు చదునైపోయి ఉంది. టూరిస్టుల గుడారాల కోసం సిమెంటు పోశారు. చుట్టుపక్కల మట్టి తెచ్చి ఎన్నిసార్లు పరీక్షించినా, చలికి పెరిగినవి ఉన్నాయి గాని నూనె కరిగించేది లేదు.

ఆఖరిసారి వెళ్లినప్పుడు అక్కడే ఉన్న గణేశ్వరరావు ఇంటి దగ్గర ఆగారు. అతని తల్లి సోమలమ్మ పొయ్యిలోకి కట్టె తోస్తూ అడిగింది.

"ఆ సబ్బు మందు ఎప్పుడొత్తాదమ్మా?"

"రాదమ్మా. అది సచ్చిపోయింది," అన్నాడు గణేశ్వరరావు, సత్యలక్ష్మిని ఇబ్బంది పెట్టకుండా.

"మట్టి సచ్చిపోడమేటిరా?"

"మట్టి కాదండి, అందులో ఉన్న ప్రాణం," అంది సత్యలక్ష్మి. "ఈయన దాచమన్నారు. నేనే వినలేదు."

సోమలమ్మకు ఎంత అర్థమైందో తెలియదు. "సేతులు మట్టిగా ఉన్నాయి, కడుక్కో తల్లీ," అంటూ కుండలోంచి వేణ్ణీళ్లు ముంచి చెంబు అందించింది. పొయ్యి పక్కనున్న కట్టెల మోపు వైపు చూస్తూ సత్యలక్ష్మి ఆ వేణ్ణీళ్లతో చేతులు కడుక్కుంది.