పిలవని స్క్రిప్టు

తాండూరులో రైలు దిగి జ్యోతిరాణి కందుల కొనుగోలు కేంద్రానికి చేరేసరికే జంగప్ప కుడిచెయ్యి విరిగిపోయింది. తూకం కాంటా పక్కన నేల మీద పడి ఉన్నాడు. దౌల్తాబాద్ రైతు పరశురాం అతని వీపు మీద కర్రతో బాదుతున్నాడు. వెనక ఇరవై మంది తమ వంతు ఎప్పుడొస్తుందా అన్నట్టు నిలబడ్డారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ తలా పిడిగుద్దు.

జంగప్ప చేసిన నేరమల్లా బషీరాబాద్‌లో పుట్టి, ఈ కేంద్రంలో తూకం వేయడం. ఎవరి తర్వాత ఎవరో గోడకున్న టీవీలో పేర్లు వస్తాయి. ముందొచ్చినవాళ్ల పేరు ముందుండాలి. ఆ రోజు మాత్రం పొద్దున్నుంచీ బషీరాబాద్ వాళ్లే పైన ఉన్నారు, అందరికన్నా ముందొచ్చిన దౌల్తాబాద్ వాళ్లు అడుగున పడ్డారు. జంగప్ప తన ఊరివాళ్లను పైకెక్కించాడని ఎవరో అన్నారు. నిజం నిలకడ మీద తేలుతుందట. ఆ నిలకడ ఎవరికుంది?

టీవీలో ఆ పేర్లు చూపించే వెబ్ పేజీ రాసింది జ్యోతిరాణి. ముందురోజు రాత్రే దాన్ని మార్చింది. ఉండేది వికారాబాద్‌లో. పొద్దున జంగప్ప ఫోన్ చేసి, "బిడ్డా, పేర్లు ఉల్టా వస్తున్నయి. జనం గరమైతున్నరు, జర చూడు" అన్నాడు. "నా దగ్గర మంచిగనే వస్తున్నయి, మీ నెట్టు చూసుకోండ్రి" అని పెట్టేసింది. మూడోసారి ఫోన్ వచ్చాక గానీ రైలెక్కలేదు. ఇప్పుడు తనను తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

"ఆపు కాకా, తప్పు నా పేజీది" అంటూ అడ్డం పోయింది. పరశురాం భుజంతో ఒక్క తోపు తోశాడు. కాంటా అంచు తగిలి ఆమె నుదురు చిట్లింది. నెత్తురు తుడుచుకుంటూ ఆఫీసు గదిలోకి పరుగెత్తి ల్యాప్‌టాప్ తెరిచింది. బయట కర్ర పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పేర్ల పట్టికను విడిగా తెరిస్తే వరుస సరిగ్గానే వచ్చింది. ఇంటి దగ్గర ఎప్పుడూ అట్లాగే తెరిచి చూసేది. అదే పట్టికను టీవీ పేజీ అజాక్స్‌తో, అంటే పేజీ మొత్తం మళ్లీ తెరవకుండా ఆ ముక్క ఒక్కటే, తెచ్చుకున్నప్పుడు వరుస చెడింది. ఏయే ఫైళ్లు వచ్చాయో చూసింది. పట్టిక వచ్చింది. రైతులు వచ్చిన వేళను బట్టి పేర్లను సర్దే చిన్న ప్రోగ్రాం, ఆ స్క్రిప్టు, రాలేదు, బ్రౌజర్ దాన్ని అడిగిన ఆనవాలే లేదు. తెచ్చిన ముక్కను పేజీలో అతికిస్తే అందులో స్క్రిప్టు పేరు ఉంటుంది గానీ స్క్రిప్టు నడవదు. పెళ్లిపత్రికలో పేరు అచ్చేసినంత మాత్రాన మేనమామ వచ్చి కూర్చుంటాడా? ఇంటికి పోయి పిలవాలి. సర్దే దిక్కు లేక, సీజన్ మొదట్లో ఊళ్లవారీగా కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ముందు పడ్డ బషీరాబాద్ పేర్లు పైనే ఉండిపోయాయి.

పట్టిక అతికించాక స్క్రిప్టును విడిగా పిలిచేలా నాలుగు లైన్లు రాసింది. టీవీలో పేర్లు కదిలాయి. పరశురాం పేరు అన్నిటికన్నా పైకొచ్చింది.

"చూసిండ్రా" అన్నాడు పరశురాం రొప్పుతూ. "నాలుగు పడితే గాని సక్కగ కాలే. దొంగలకు గిదే మందు." మళ్లీ కర్రెత్తాడు.

జ్యోతిరాణికి ఒళ్లు మండిపోయింది. ల్యాప్‌టాప్ పట్టుకొని బయటికొచ్చి, అందరి ముందూ ఆ నాలుగు లైన్లు తీసేసింది. బషీరాబాద్ పేర్లు పైకొచ్చాయి. మళ్లీ పెట్టింది. పరశురాం పేరు పైకొచ్చింది. ఇంకోసారి తీసి, ఇంకోసారి పెట్టింది.

"ఇప్పుడెవరిని కొడితే మారింది కాకా? ఈయన దీని మీద చెయ్యి పెట్టిండా?"

వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే తమ బస్తాల దగ్గరికి జారుకున్నారు. ఆమె ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, పరశురాం చేతిలోని కర్ర లాక్కొని అతని మణికట్టు మీద బలం కొద్దీ కొట్టింది. ఎముకకు తగిలిన చప్పుడు వింటే హాయిగా అనిపించింది. రెండోసారి ఎత్తింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఎయ్యి బిడ్డా. నాకు పడాల్సినయే" అన్నాడు. "మరి నీకెవరెయ్యాలె?"

ఆమెకు ఏడుపొచ్చింది. కర్ర కింద పడేసి ఆటో పిలిచింది. జంగప్పను లేపడానికి ఒక పక్క ఆమె, ఇంకో పక్క పరశురాం వంగారు. జంగప్ప మంచి చేత్తో ఇద్దరినీ నెట్టేశాడు. నెత్తురు ఉమ్మి, కాంటా పట్టుకొని తనంతట తానే లేచి, ఆటో దాకా ఒక్కడే నడిచాడు.