ఒక్కసారే పిలిచేవాడు

ఓల్ట్ నది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో, సాయంవేళ గుమ్మం బయటినుంచి ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే, మూడో పిలుపుకు గాని పలకరు. ఒక్కసారి పిలిచి ఊరుకునేవాడు పాత ప్రభువు. ఆయన పోయి కొన్ని వందల ఏళ్లయింది. అయినా ఆవులు ఇళ్లకు చేరే వేళకు వచ్చి, ప్రతి గడప దగ్గరా ఒకసారి పిలిచి వెళ్తాడు.

"సాఫ్తా!" అని ఆ పూట కూడా వినిపించింది. పొయ్యి దగ్గరున్న సాఫ్తా తల తిప్పలేదు. పుల్లని చోర్బా పులుసును గరిటెతో కలుపుతూనే ఉంది.

"గొంతు బొంగురుపోయిందే! మంచులో తిరగొద్దంటే వినడు," అన్నాడు ఆమె మొగుడు ఒనుఫ్రి.

"నువ్వు వింటున్నావా? ఆ తలుపు సరిగ్గా వెయ్యి."

వారింట బస చేసిన రుక్సాంద్ర బల్ల ముందు కూర్చుని ఉంది. ఆమె బుకారెస్ట్‌లో చరిత్ర ఆచార్యురాలు. రక్తపిశాచిగా మారాడని గాథలు చెప్పే ఆ ప్రభువు కోసం ఆమె, ఆమె భర్త తెయోఫిల్ తమ యౌవనమంతా ధారపోశారు. వారి బృహద్గ్రంథానికి ఆయన గోరీ ఎక్కడుందో తేల్చే చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. గడచిన వసంతంలో ఒక తడి నేలమాళిగలో జ్వరం తగిలి తెయోఫిల్ మరణించాడు. ఖననం నాడు ఆమెకు ఏడుపు రాలేదు. నాటినుంచి రొట్టె రుచీ తెలియదు, చలీ తెలియదు.

"పంతులమ్మగారూ, రేపు కూడా గోరీలు తవ్విస్తారా?" అని అడిగింది సాఫ్తా.

"మఠం వెనకాల ఒకటి మిగిలింది."

ప్రభువు రోజూ గడప దాకా వస్తుండగా గోరీలెందుకని రుక్సాంద్ర తనను తాను ప్రశ్నించుకోలేదు. అది తెయోఫిల్ మొదలుపెట్టిన పని.

"ఆయన పిలిచినప్పుడు ఒక్కసారి పలికి, కావలసిందేదో అడిగెయ్యకూడదూ?" అంది సాఫ్తా.

"నోర్ముయ్యవే! పలికినవాళ్లు ఆయన వెంట పోవడమే గాని తిరిగొచ్చారా? ఈవిడా పోతే నీ చోర్బా ఎవరు మెచ్చుకుంటారు?" అన్నాడు ఒనుఫ్రి.

"ఎన్నడు మెచ్చుకుంది గనక!"

మరునాడు ఆ చివరి గోరీలో మట్టి తప్ప ఏమీ లేదు. సాయంకాలం రుక్సాంద్ర చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చుంది.

"రుక్సాంద్రా!"

ఆ గొంతులో ఆశ లేదు, అలసట ఉంది. పలికితే చివరి అధ్యాయానికి కావలసినదంతా తెలుస్తుంది. రాయడానికి మాత్రం తిరిగి రావడం ఉండదు. భయం కలుగుతుందేమోనని కొంచెంసేపు చూసింది. కలగలేదు.

"వస్తున్నాను," అంది.

గరిటె ఆగింది. ఒనుఫ్రి టోపీ తీశాడు.

"శాలువా కప్పుకోండమ్మా, బయట చలి," అంది సాఫ్తా.

"నాకు చలి తెలియదులే," అని రుక్సాంద్ర గడప దాటింది.

మరునాటి సాయంకాలం అదే గుమ్మం దగ్గర ప్రభువు తన వంతు పిలిచి, పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.

"సాఫ్తా!" అని పిలిచింది రుక్సాంద్ర.

లోపల గరిటె చప్పుడు ఆగలేదు.

"ఈవిడ గొంతు నయం," అన్నాడు ఒనుఫ్రి.

రుక్సాంద్ర రెండోసారి పిలవలేదు. తలుపు సందులోంచి చోర్బా పులుపు వాసన, దాని వెనకే పొయ్యి సెగకు వెచ్చబడిన మనుషుల వాసన వచ్చాయి. వసంతం తరువాత మొదటిసారిగా ఆమెకు ఆకలి వేసింది.